రోలరు వెనక గంధం బొట్టు

ఎవరి పెళ్లికి పోయినా పెళ్లికూతురి కంటే ముందు గోడలను చూసే మనిషిని నేను. గోడకు పెద్ద బొమ్మ ఏదైనా అంటించి ఉంటే దగ్గరికి పోయి బొటనవేలితో ఒకసారి నిమురుతాను. బుడగ తగిలిందంటే ఆ పూట అన్నం సయించదు. “నిన్ను భోజనానికి పిలిచినారా, తనిఖీకి పిలిచినారా?” అని మా ఆయన గొణుగుతాడు. తనిఖీ చేసినాక తింటే తప్పేముందని నేనంటాను.

ఈ జబ్బు నాకు రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, తిరుపతిలో, మా అంగట్లో అంటుకుంది. అంతకుముందు మా ఆయన గోడల మీద, రేకుల మీద కుంచెతో బోర్డులు రాసేవాడు. ఆయన చేతి ఒంపును బట్టి, ఫలానా బోర్డు ఎవరు రాసిందీ బస్సు కిటికీలోంచే చెప్పగలిగినవాళ్లు ఉండేవాళ్లు. తర్వాత కంప్యూటర్లో బొమ్మ కూర్చి వినైల్ మీద అచ్చేసే మిషన్లు వచ్చాయి. వినైల్ అంటే వెనక జిగురున్న పల్చటి ప్లాస్టిక్ తాను. కుంచె పని నెలనెలా తగ్గిపోయింది. మా ఆయన దిగులుపడే రకం కాదు. కానీ పొద్దున లేచి, వాడని కుంచెలను కిరసనాయిల్లో ముంచి తుడుస్తూ కూర్చునేవాడు. అది చూడలేక నేనే పోరుపెట్టి, మద్రాసులో ఒక అంగడివాళ్లు తీసేస్తున్న ల్యామినేషన్ మిషనును కొనిపించాను. అచ్చు మిషను కొనే శక్తి మాకు లేదు. పక్కవీధిలో అచ్చేయించుకొచ్చి, దాని మీద రక్షణగా ఇంకో పొర వేసి, కత్తిరించి, గోడకు అంటించి రావడం మా పని.

మిషను అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. చెరకురసం బండి లాంటిదే. ఒకదాని మీద ఒకటి రెండు రబ్బరు రోలర్లు, పక్కన చేత్తో తిప్పే చక్రం. అచ్చేసిన వినైల్ ముందు నుంచి వస్తుంది. గాజులాగా లోపలిది కనబడే జిగురు ఫిల్ము పై రోలరును చుట్టుకొని కిందికి దిగుతుంది. రెండూ కలిసి రోలర్ల మధ్య నలిగి, ఒకటై అవతలికి పోతాయి. వేడి అక్కర్లేదు, ఒత్తిడి చాలు. అందుకే కోల్డ్ ల్యామినేషన్ అన్నారు. ఈ పొర లేకపోతే ఎండకు రంగు వెలిసిపోతుంది, చెయ్యి తగిలితే గీతలు పడతాయి. పొర సరిగా పడకపోతే ఇంకా అన్యాయం. లోపల గాలి చిక్కి బుడగలు, మడతలు, నల్లటి చోట్ల బూడిద చల్లినట్టు మసక. పైగా ఒకసారి అంటుకున్న ఫిల్మును పీకితే రంగుతో సహా ఊడొస్తుంది. వెనక్కి తీసుకోవడానికి లేదు. అచ్చం నా నోటిలాగే అని మా అత్త అంటుంది.

మొదటి నెల మేము చెడగొట్టిన వినైలుతో ఒక వీధికి పందిరి వేయొచ్చు. పక్కవీధి నుంచి అచ్చేసిన తానును మా ఆయన గట్టిగా చుట్టి స్కూటరు మీద తెచ్చేవాడు. వచ్చింది వచ్చినట్టే రోలర్లలో పెట్టేవాళ్లం. సాయంత్రానికి అద్దంలా ఉండేది, మర్నాటికి తట్టు పోసినట్టయ్యేది. ఆయన ఫిల్మును తిట్టాడు, మిషను అమ్మిన మద్రాసు వాళ్లను తిట్టాడు. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చదివాను. చదివి ఏం లాభమని పుట్టింట్లోనూ అత్తింట్లోనూ సమానంగా అడిగించుకున్నదాన్ని. ఒకరోజు తానును ముక్కుకు ఆనించుకున్నాను. రంగులో కలిపిన ద్రావకం వాసన గుప్పుమంది. ఆరని రంగు మీద మూత పెడితే, లోపలి ఆవిరి ఎటు పోతుంది? ఆ రోజే ఇంటి వెనక వసారాలో దండెం కట్టాను. వినైల్ ఒక రోజంతా దండెం మీద విడిగా ఆరాలి. నా ముక్కు సరే అన్నాకనే రోలర్ల దగ్గరికి రావాలి.

“ఇది బోర్డుల అంగడా, చాకిరేవా?” అన్నాడు ఆయన.

“చాకిరేవులో ఉతికిచ్చిన గుడ్డకు బుడగలుండవు గదయ్యా” అన్నాను.

ఆ తర్వాత ఒక్కొక్కటే పట్టుకున్నాను. అంగట్లో పొరక పట్టడం మానిపించి తడిగుడ్డ పెట్టించాను. పొరక లేపిన దుమ్ము గాల్లో తిరిగి తిరిగి, సరిగ్గా మేము ఫిల్ము వేసే సమయానికే దిగుతుంది మరి. పని జరిగేటప్పుడు ఫ్యాను కట్టేయాలి. అత్తగారి అగరొత్తులు కూడా గడప అవతలికి పోయాయి, ఆ బూడిద నలుసులు అచ్చం నామీద కోపంతోనే వచ్చి వాలేవి. రోలర్లకు రెండు కొసలా రెండు పేపరు ముక్కలు పెట్టి లాగి చూసేదాన్ని. ఒకటి బిగుసుగా, ఒకటి వదులుగా వస్తే ఒత్తిడి ఎగుడుదిగుడుగా ఉన్నట్టు, మడత పడి తీరుతుంది. ఫిల్మును మరీ బిగించి లాగినా తప్పే, రెండు రోజులకు అంచులు అప్పడంలా పైకి లేస్తాయి. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్లతోనూ వాదించి ఉండేదాన్నేమో.

ఇంతా చేస్తే మాకు వచ్చే పనులు స్కూటరు స్టిక్కర్లు, మందుల షాపు తలుపులు. గట్టి పని ఏదైనా ఉంటే తిరుపతి వాళ్లూ చిత్తూరు వాళ్లూ మద్రాసు బస్సు ఎక్కేవాళ్లు. ఇక్కడ బాగా చేయరని ఒక నమ్మకం. అటువంటి రోజుల్లో చిత్తూరు నుంచి ఒక కల్యాణ మండపం ఆయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, తెల్ల పంచె, మాట కరుకు. కాణిపాకం పోయే దారిలో ఆయన మండపం. భోజనాల హాల్లో చేతులు కడుక్కునే వైపు గోడ నిండా తలకోన జలపాతం బొమ్మ పెట్టాలని ఆయన కోరిక. పది అడుగుల ఎత్తున ఐదు పట్టీలు, ఒకదాని పక్కన ఒకటి కలిపి అంటించాలి.

“మద్రాసోళ్లు గాజు మాదిరి చేసిస్తారమ్మా. మీరు చేస్తారా?” అన్నాడు.

“గాజైతే పగులుతాదన్నా. మాది పగలదు.”

మా ఆయన నా కాలు తొక్కాడు. మండపం ఆయన మాత్రం నవ్వాడు. “నోరు గట్టిదే. పని సూద్దాం. ఇది బాగొస్తే మండపం బోర్డులన్నీ మీకే. బాగ రాలేదనుకో, మద్రాసు బస్సు యాడ నిలుస్తాదో నాకు తెలుసు” అన్నాడు.

ఆయన మాట ఆయన ఒక్కడి మాట కాదు. చిత్తూరులో మండపాల వాళ్లూ హోటళ్ల వాళ్లూ ఒకరి గోడ చూసి ఒకరు చేయించుకుంటారు. ఈ ఐదు పట్టీలు బాగొస్తే మాది అంగడి అవుతుంది. లేకపోతే ఇంకా కొంతకాలం స్టిక్కర్లు, తర్వాత మళ్లీ కిరసనాయిల్లో కుంచెలు. అది నాకూ తెలుసు, మా ఆయనకూ తెలుసు. ఆ శనివారం ఆ మండపంలో ముహూర్తం. గురువారం సాయంత్రం ఆడపెళ్లివాళ్లు ఏర్పాట్లు చూసుకోవడానికి వస్తారు. అప్పటికి గోడ మీద జలపాతం ఉంటుందని మండపం ఆయన వాళ్లకు మాట ఇచ్చేశాడు.

ఆ వారం సోమవారం ఆయుధ పూజ. మా ఇంట్లో అది చిన్న పండగ కాదు. కుంచెల కాలం నుంచీ మా అత్త ప్రతి కుంచె పిడికీ బొట్టు పెట్టేది, నిచ్చెన మెట్లకు కూడా. ఇప్పుడు మిషను వచ్చింది. ఫిల్ము చుట్టను విప్పి పక్కన పెట్టి, మిషనును తుడిచి, పూలు చుట్టాము. అత్త పళ్లెంతో వచ్చింది. కుంకుమ వేలు సరాసరి రబ్బరు రోలరు మీదికి పోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

“అత్తా, రబ్బరుకు కుంకుమ వద్దు. ఎర్రంగా అంటుకుంటే పోదు.”

“ముప్పై యేండ్లు నా కొడుకు కుంచెలకు పెట్టినా. యా బోర్డన్నా చెడిందా? నీ సదువుకు బొట్టు గూడా బరువైపాయనా?”

“కుంచె వేరు, రోలరు వేరు.”

“కూడు పెట్టేది ఏదైనా ఒకటే.”

కాసేపు ఇలాగే సాగింది. చివరికి ఇనుప చట్రానికి ఎంత కావాలంటే అంత కుంకుమ, రోలరుకు ఒక్క గంధం బొట్టు అని ఒప్పందానికి వచ్చాము. గెలిచాననే అనుకున్నాను. రోలరు ముందు వైపు ఆమె గంధం బొట్టు పెట్టడం చూసి, అంగడి ముందు గుమ్మడికాయ కొడుతుంటే అటు పోయాను. నడిరోడ్డులో ముక్కలు వదిలేయొద్దు, జారి పడతారని మా ఆయనతో వాదిస్తుంటే అత్త వెనక నుంచి ఏదో చెప్పింది. నేను తల ఊపాను.

మంగళవారం పొద్దున ఐదు పట్టీలూ అచ్చయి వచ్చాయి. దండెం మీద వేశాము. బుధవారం పొద్దున వాసన చూశాను, ఏమీ లేదు. తడిగుడ్డతో రోలరు మీది గంధం బొట్టు తుడిచేశాను. ఫిల్ము చుట్ట ఎక్కించాను. మా ఆయన చక్రం తిప్పుతుంటే నేను వినైలును సరిగ్గా నడిపించాను. రెండు పట్టీలు అయ్యాయి. మూడోది పెట్టబోతూ, ఎందుకో మొదటి పట్టీని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు వాలుగా పట్టుకున్నాను.

జలపాతం పక్కన నల్లరాయి మీద పావలా బిళ్లంత మచ్చ. నడుమ చిన్న నొక్కు, చుట్టూ గాలి ఉంగరం. దాని కింద ఇంకొకటి, దాని కింద ఇంకొకటి.

“నువ్వు వీటిని ఆరకముందే చుట్టి పెట్టినావు” అన్నాను మా ఆయనతో.

“నేను యాడ చుట్టినా?”

“నిన్న మాపటికి వాన తుంపర పడినప్పుడు.”

“లోపలికి తెచ్చి తలుపు మీద ఏలాడేసినా. సుట్టలేదు.”

“చుట్టకపోతే బుడగలు ఎట్లొచ్చినాయి? వాటికవే పుట్టినాయా?”

“నీ ముక్కే గదా సరే అనింది. దాన్నడుగు.”

పావుగంట సేపు తిట్టాను. ఆయనకు పెళ్లినాటి నుంచీ ఉన్న నిదానం గురించి కూడా అన్నాను. ఆయన రెండో పట్టీని కూడా కిటికీ దగ్గరికి తెచ్చి, నా పక్కన నిలబెట్టాడు. దానిమీదా అవే మచ్చలు. అప్పుడు కళ్లు తెరిచి చూశాను. ఆవిరి బుడగలైతే చల్లినట్టు ఎక్కడబడితే అక్కడ వస్తాయి, అదీ మర్నాటికి. ఇవి ఒకే వరసలో ఉన్నాయి. మొదటి మచ్చ నుంచి రెండోదానికి దారం పెట్టి కొలిచాను. రెండు నుంచి మూడుకు అదే దారం సరిపోయింది. ఆ దారాన్ని పట్టుకుపోయి రోలరు చుట్టూ తిప్పాను. కొస కొసను ముట్టింది.

ఫిల్ము విప్పి, చక్రం అర చుట్టు తిప్పాను. వెనకవైపు నుంచి రెండో గంధం బొట్టు పైకి వచ్చింది. ఎండి, గట్టిపడి, బూడిద రంగు రబ్బరు మీద బూడిద రంగులోనే ఉంది.

అత్త వంటింట్లోంచి వచ్చి చూసింది. “ఎనకపక్క గూడా పెట్టినానని ఆ దినమే సెప్పినా గదా. తల గూడా ఊపినావు.”

నేను తడిగుడ్డ అందుకొని ఆ బొట్టును తుడవడం మొదలుపెట్టాను. వాదించకుండా నేను పనిలోకి దిగడం మా ఆయనకు కొత్త.

“కుంకుమ పెట్టనిచ్చింటే ఎర్రంగా కనిపించి ఉండును” అని ముగించింది ఆమె.

పెట్టింది ఆమె. కానీ చక్రం తిప్పి చూడకుండా, కనబడినంత మేర తుడిచి చేతులు దులుపుకున్నది నేను. తిట్లు తిన్నది మాత్రం మా ఆయన. ఆయన గెలుపును పెద్దగా చాటుకోలేదు. పట్టీని చెయ్యి చాచి అంత దూరాన పట్టుకొని చూస్తూ, “నీళ్ల బొమ్మ గదమ్మే. నీళ్లల్లో బుడగలుండవా?” అన్నాడు.

“రాయి మీద ఉండాయయ్యా. రాయికి యాడ నుంచి వస్తాయి?”

“పెండ్లికి వచ్చినోళ్లు గోడను సూస్తారా, ఆకును సూస్తారా? ఈ రెండూ ఇట్లే అంటిచ్చేద్దాం.”

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఎవరూ చూడకపోవచ్చు. కానీ అది చేతులు కడుక్కునే వైపు గోడ. తడి చేతులు తగులుతాయి, పిల్లలు గోళ్లతో గిల్లుతారు. గాలి చిక్కిన చోట ఫిల్ము ఎప్పటికైనా లేస్తుంది. లేచిన రోజున మండపం ఆయన మద్రాసు బస్సు ఎక్కుతాడు. నేను రెండు పట్టీలూ మళ్లీ అచ్చేయించమన్నాను. అచ్చయి, ఆరి, ఫిల్ము పడేసరికి గురువారం సాయంత్రం అవుతుంది. అంటే ఆడపెళ్లివాళ్లు వచ్చేసరికి గోడ బోసిగా ఉంటుంది. ఆ సంగతి మండపం ఆయనకు ఎవరు చెప్పాలి?

చెప్పే పని పడకుండా ఆ సాయంత్రం ఆయనే దిగాడు, తిరుపతిలో ఏదో పనుండి. మా ఆయన పక్కవీధిలో అచ్చు పని దగ్గర ఉన్నాడు. పోతూ పోతూ, ఆయన వస్తే ఇంకా ఫిల్ము వేయని, బాగున్న మూడు పట్టీలే చూపించమని చెప్పి పోయాడు. నేను చెడిన రెండూ తెచ్చి బల్ల మీద పరిచాను.

“చూడన్నా. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. మాదే తప్పు. ఇవి నీ గోడకు పెట్టను. శుక్రవారం పొద్దునకు బాగా చేసి ఇస్తాను.”

ఆయన బొటనవేలితో నిమిరాడు. నేను అప్పటివరకూ చేత్తో తడిమి చూసేదాన్ని. బొటనవేలు ఆయన దగ్గర నేర్చుకున్నదే.

“దీనికేనా? నేను సూసుకోనే సూసుకోను గదమ్మా.”

“రేపు చూసుకోవు. వచ్చే యేడు చూసుకుంటావు.”

“ఆడపెళ్లోళ్లకు మాటిచ్చినా. రేపు మాపటికి గోడ మీద ఉంటాదని. మద్రాసోళ్లైతే ఒక దినంలో పంపిస్తారు.”

“ఆరకుండా పంపిస్తారన్నా. ఒక దినంలో వచ్చింది ఎన్ని దినాలు ఉంటుందో అది కూడా అడగాల.”

ఆయన మొహం బిగుసుకుంది. ఇంకొక్క మాట అంటే పని పోతుందని నాకు తెలుసు. ఆ ఒక్క మాట నాలుక కొస మీదే ఉంది. అంతలో మా అత్త గడప దగ్గర నుంచి లేచి వచ్చింది.

“నాయనా, దాన్నేం అనొద్దు. ఆయుధ పూజకని మిషనుకు గంధం పెట్టినా నేను. ఎనకపక్క గూడా. అదే పడింది నీ బొమ్మ మీద.”

ఆయన ఆమెను చూశాడు, మిషనును చూశాడు, చట్రం మీద ఇంకా వాడిపోకుండా ఉన్న బంతిపూలను చూశాడు. తర్వాత బల్ల మీద కూర్చొని నవ్వడం మొదలుపెట్టాడు.

“పెద్దమ్మా, పోయిన యేడు ఇదే పండగకి మా వంటాయన గ్రైండరు రాయికి గంధం పూసినాడు. కడగను మర్సిపోయినాడు. మర్నాడు పెండ్లి ఇడ్లీలన్నీ ఒకటే గంధం వాసన. నేను తల యాడ పెట్టుకోవాల్నో తెలీక నిలబడుకోనుంటే, మొగపెళ్లోళ్లు ఇదేందో కొత్త రకమని మల్లా అడిగి ఏయించుకున్నారు.”

అత్త కూడా నవ్వింది. “మాది ఇడ్లీ మాదిరి తినేది కాదు గదప్పా” అంది.

“తినేది కాదు గాబట్టే టైమిస్తా ఉండా. శుక్రవారం పది గంటలకు గోడ మీద ఉండాల. రేపు వాళ్లకు నేను సెప్పుకుంటాలే, జలపాతం ఇంకా దోవలో ఉండాదని.”

గురువారం మధ్యాహ్నం తెల్లగుడ్డ తీసుకొని మళ్లీ తుడవడానికి కూర్చున్నాను. ఈసారి అత్తను చక్రం దగ్గర కూర్చోబెట్టాను. ఆమె కొంచెం కొంచెం తిప్పుతుంటే, రోలర్లు రెండూ పూర్తిగా ఒక చుట్టు తిరిగిందాకా తుడిచాను. నేను అయిపోయిందన్నాక ఆమె తన వేలి కొసలతో రబ్బరును తడిమి, “ఈడ గరుగ్గా ఉండాది” అని ఒకచోట చూపింది. నా కంటికి అక్కడ ఏమీ లేదు. గుడ్డ తడిపి రుద్దితే గంధం పచ్చగా అంటుకొచ్చింది. బియ్యంలో రాళ్లేరిన వేళ్లు అవి.

సాయంత్రం ఫిల్ము వేసేటప్పుడు మా ఆయన చక్రం పట్టుకోబోతే ఆమె లేవలేదు. రోలర్లను మధ్యలో ఆపితే ఆపిన చోట అడ్డంగా ఒక గీత పడుతుంది. మా ఆయన ప్రతి పట్టీకీ ఒకసారి చెమట తుడుచుకోవడానికైనా ఆపేవాడు. ఆమె తిరగలి తిప్పిన మనిషి. పది అడుగుల పట్టీ చివరి వరకూ వేగం పెరగలేదు, తగ్గలేదు. కొత్త రెండూ, మిగిలిన మూడూ కలిపి ఐదు పట్టీలనూ కిటికీ దగ్గరికి తీసుకుపోయి వాలుగా పట్టుకున్నాను. నల్లరాయి నల్లగా ఉంది. నీళ్లు తెల్లగా ఉన్నాయి. వంక పెట్టడానికి ఏమీ దొరక్క, “పరవాలేదత్తా” అన్నాను.

“నీ నోట ఆ మాట వస్తే బాగుండేటట్టే లెక్క” అంది.

రాత్రంతా వాటిని పరిచే ఉంచి, శుక్రవారం తొలి బస్సుకు చిత్తూరు పోయాము. పది కాకముందే ఐదు పట్టీలూ గోడ మీద కలిశాయి. మండపం ఆయన వచ్చి పైనుంచి కిందికి బొటనవేలు జరిపాడు, ఆ కొస నుంచి ఈ కొస దాకా. మమ్మల్ని కూర్చోబెట్టి టిఫిను పెట్టించాడు. మేము తింటుంటే ఎదురుగా నిలబడి, మండపం గేటు బోర్డు ఎన్ని అడుగులుంటే బాగుంటుందని మా ఆయనను అడిగాడు. మా ఆయన ఇడ్లీని వాసన చూసి తినడం నేను గమనించాను.

ఆ తర్వాత మండపం ఆయన మద్రాసు బస్సు ఎక్కాడో లేదో నాకు తెలియదు, బోర్డుల కోసం మాత్రం ఎక్కలేదు. ఆయన గోడ చూసి ఇంకొకరు వచ్చారు. చక్రం మా అత్తదే అయిపోయింది. పట్టీ నడుస్తుండగా ఆమెను ఎవరూ పలకరించకూడదు. మరుసటి ఆయుధ పూజకు ఆమె కుంకుమ వేలిని గాల్లో నిలిపి, “యాడ పెట్టాల్నో నువ్వే సెప్పు” అని నన్ను అడిగింది. ఇనుప చట్రం మీద ఎక్కడైనా అన్నాను. ఎన్ని పెట్టిందో చెప్పించుకొని లెక్కపెట్టాను కూడా.

చెడిన రెండు పట్టీలలో ఒకదాన్ని మా ఆయన పారేయనివ్వలేదు. మా పెరట్లో చేతులు కడుక్కునే కొళాయి పక్కన అంటించాడు. పై నుంచి కిందికి ఎనిమిది మచ్చలు. గాలి చిక్కిన చోట ఏడాదికల్లా లేస్తుందని మండపం ఆయన ముందు నేను అంత గట్టిగా చెప్పానా, ఇన్నేళ్లయినా అందులో ఒక్కటీ లేవలేదు. తడి చేతులు తగిలాయి, ఎండ పడింది, మనవరాలు గోటితో గిల్లింది. ఉన్నది ఉన్నట్టే ఉంది. మా ఆయన చేతులు కడుక్కున్నప్పుడల్లా ఆ మచ్చల వైపు చూసి, తర్వాత నావైపు చూస్తాడు. ఇంట్లో గోడ వేరు, పదిమంది తిరిగే మండపం గోడ వేరు అని నేను చెబుతూనే ఉన్నాను.